సాగేతాడోళ్ళ ఇల్లు

నా చిన్నప్పుడు మా ఊళ్ళో వానలు తప్పిన ఏడాది ఎవరి మడీ వాళ్ళది కాదు. ఈ మాట ఇప్పటి పిల్లలకు చెబితే, అవ్వకు మతి తప్పిందని ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. మా మనవరాలైతే, పట్టా ఉన్న భూమిని పక్కవాళ్ళు ఎట్లా దున్నుతారని నాకే చట్టం చెప్పబోయింది. చెప్పనీ, చదువుకున్న పిల్ల. కానీ ఇది నేను కళ్ళారా చూసిన సంగతి. చూడడమే కాదు, నా చేతులతో చెడగొట్టిన సంగతి కూడా.

మా ఊరు క్యాసంబళ్ళికి అవతల ఉంది. కట్ట మీద నిలబడితే బంగారు గనుల దగ్గర పోసిన మట్టి దిబ్బలు దూరంగా తెల్లగా కనబడేవి. ఊరికి ఏరు లేదు, కాలువ లేదు. ఉన్నదల్లా ఒక చెరువు, దాని కట్ట, కట్ట కింద తూము, తూము కింద మెట్టు మెట్టుగా దిగిపోయే వరి మడులు. తూముకు ఆనుకుని ఉన్న మొదటి మడులు మావి. అందుకే మమ్మల్ని పెద్దింటోళ్ళు అనేవాళ్ళు. నీళ్ళు అందీ అందని ఆఖరి మడులవాళ్ళను కొసోళ్ళు అనేవాళ్ళు. చెరువు నిండిన ఏడాది ఈ తేడా పెద్దగా తెలిసేది కాదు. నిండని ఏడాదే తెలిసేది.

చెరువు సగమైనా నిండకపోతే పెద్దలంతా కట్టెక్కి నీళ్ళు చూసి, ఇవి ఇన్ని ఎకరాలకే చాలుతాయని తేల్చేవాళ్ళు. దూరం పారితే నీళ్ళు దారిలోనే ఇంకిపోతాయి కాబట్టి, ఆ ఎకరాలు ఎప్పుడూ తూము దగ్గరివే. అప్పుడు ఆ దగ్గరి మడులను, అవి ఎవరివైనా సరే, చెరువు కింద భూమి ఉన్న ఇళ్ళన్నిటికీ తాడుతో కొలిచి పంచేవాళ్ళు. ఎక్కువ భూమి ఉన్నవాళ్ళకు ఎక్కువ, తక్కువ ఉన్నవాళ్ళకు తక్కువ, అందరికీ ఎంతో కొంత. ఆ ఒక్క పంటకే. కోత కాగానే మడి మళ్ళీ సొంతదారుది. దీన్ని దామాషా అనేవాళ్ళు. కాగితం లేదు, సంతకం లేదు.

ఆ కొలత కొలిచే మనిషిని నీరుగంటి అంటారు. తూము తెరిచేదీ మూసేదీ, ఏ మడికి ఎంతసేపు నీళ్ళు పోవాలో తేల్చేదీ ఆయనే. ఆయనది ఊరి బయటి పేట. మా ఇంటికి వచ్చినా అరుగు ఎక్కకుండా వీధిలో నిలబడే మాట్లాడేవాడు. ఊరందరికీ నీళ్ళు పంచే మనిషికి ఊరి బావిలో చేద వేసే హక్కు లేదు. అది ఎవరికీ వింతగా తోచలేదు, నాకూ తోచలేదు. పాతకాలం బంగారు కాలమని ఎవరైనా మొదలుపెడితే నాకు ఒళ్ళు మండేది అందుకే.

ఆయన తాడు గురించి కూడా చెప్పాలి. కత్తాళ మట్టల నుంచి తీసిన నారతో పేనిన తాడు అది. నార తాడు లాగేకొద్దీ సాగుతుంది. అందుకని కొలతకు ముందు దాన్ని చెరువులో నానబెట్టి, రెండు చింతచెట్ల మధ్య బిగించి, నడుమ పెద్ద రాయి వేలాడదీసి, మూడు రోజులు అట్లాగే ఉంచేవాళ్ళు. సాగాల్సిందంతా అప్పుడే సాగిపోవాలి. ఆ తరవాత కొలతలో తాడు సాగిందీ అంటే, నీరుగంటి సోమరితనం చేశాడని అర్థం. ఊళ్ళో పసిపిల్లకు కూడా తెలుసు ఈ సంగతి.

నాకు పదేళ్ళప్పుడు అట్లాంటి ఏడాదే వచ్చింది. రాగి చేలు మోకాలెత్తుకు కూడా రాకుండా ఎండిపోయాయి. చెరువులో నీళ్ళు నడుమ గుంటలో మాత్రమే మిగిలాయి. పెద్దలు కట్టెక్కి దిగి, దామాషా తప్పదన్నారు. మా తాత ఊరికి పెద్దమనిషి. ఆయనే ముందుగా, మా మొదటి మడిలో తాడు వేయండని చెప్పాడు. ఆ మడి మా ఇంటికి ప్రాణం. ఒండ్రు మట్టి, వేలు పెడితే మొలిచేంత నేల. దాన్ని నాలుగు పాయలుగా కొలిచి, పాయకూ పాయకూ మధ్య కొయ్య గూటాలు దిగ్గొట్టారు. ఒక పాయ మాకు. దాని పక్క పాయ కొసమడి అవ్వకు.

కొసమడి అవ్వ అంటే ఆఖరి మడి ఉన్న ముసలామె. భర్త లేడు. కొడుకు గనిలో పనికి పోయి అక్కడే పోయాడు. ఇద్దరు మనవళ్ళను పెట్టుకుని గుడిసెలో ఉండేది. ఆ పాయలో పండితేనే ఆ ఏడాది ఆ ముగ్గురికీ గింజ.

ఇదంతా నాకు తెలియనిది కాదు. దామాషా చెడితే ఏమవుతుందో కూడా మా అవ్వ కథలాగా చెబుతూ ఉండేది. మా అమ్మ కాపురానికి వచ్చిన కొత్తలో ఒక కరువు ఏడాది, తూము దగ్గర మడులున్న ఇంకో ఇంటివాళ్ళు తమ మడిలో పరాయివాళ్ళు కాలు పెట్టడానికి వీల్లేదని అడ్డం పడ్డారట. కొసోళ్ళు మండిపోయి తూము పగలగొట్టేశారు. నీళ్ళన్నీ ఒక్క పూటలో వంకలో కలిసిపోయాయి. ఎవరికీ పంట లేదు. సగం ఊరు మూటాముల్లె కట్టుకుని గనుల్లో కూలికి పోయింది, పోయినవాళ్ళలో తిరిగి వచ్చినవాళ్ళు తక్కువ. కొసమడి అవ్వ కొడుకు పోయింది ఆ గుంపు వెంబడే.

తెలుసు సరే, తెలిసినవన్నీ మనసుకు ఎక్కుతాయా. కొలత అయిన సాయంత్రం మా తాత సంగటి ముందు కూర్చుని, ముద్ద తుంచకుండా, "ఇంగేముండాది మనకి ఆ మడిలో, కోడి తిరిగేంత చోటు" అన్నాడు. అంతే అన్నాడు. ఊరి ముందు నిండుగా నవ్విన మనిషి ఇంట్లో అట్లా చిన్నబోయి కూర్చునేసరికి నా కడుపు రగిలిపోయింది. మా తాతంటే నాకు అంత ఇష్టం. కోపమంటే నాకు అప్పుడూ ఇప్పుడూ ముక్కు మీదే ఉంటుంది.

మరునాడు మిట్టమధ్యాహ్నం, అందరూ కూటికి ఇళ్ళకు పోయిన వేళ, నేను మడిలోకి దిగాను. మా పాయకూ కొసమడి అవ్వ పాయకూ మధ్య ఐదు గూటాలున్నాయి. ఒక్కొక్కదాన్నే అటూ ఇటూ ఊపి పెరికి, నాలుగడుగులు అవతలికి తీసుకుపోయి రాయితో దిగ్గొట్టాను. పాత బొక్కల్లో మట్టి కూరి కాలితో చదును చేశాను. చేతులు బొబ్బలెక్కాయి. పైకెక్కి చూసుకుంటే మా పాయ వెడల్పుగా, ముద్దుగా కనబడింది. ఏదో ఘనకార్యం చేసినట్టు ఇంటికొచ్చి చద్దెన్నం తిన్నాను.

పొద్దు వాలేలోపు నీరుగంటి మా వాకిట్లోకి వచ్చాడు. మా తాత అరుగు మీద ఉన్నాడు, నేను స్తంభం పక్కన ఉన్నాను. ఆయన నా వైపు ఒక్కసారి కూడా చూడలేదు. తలపాగా విప్పి చేత్తో పట్టుకుని, "అప్పా, తప్పయిపోయినాది. నా తాడు సాగినట్లుండాది. మీ మడిలో కొలత సరింగా లేదు. అందరి ముందరా ఇంగోసారి కొలిచేస్తాను" అన్నాడు.

ఆ తాడు మూడు రోజులు చింతచెట్ల మధ్య వేలాడడం మా తాతా చూశాడు. "సాగినాదా" అని అడిగాడు. "సాగినాదప్పా" అన్నాడు నీరుగంటి. అప్పుడు మా తాత చూపు మెల్లగా తిరిగి నా పావడ అంచు మీద ఆగింది. ఒండ్రు మట్టి ఆరితే బూడిదరంగులోకి వస్తుంది. ఆ మట్టి ఆ మొదటి మడుల్లో తప్ప ఊళ్ళో ఇంకెక్కడా లేదు. నా పావడ జానెడెత్తున ఆ రంగులో ఉంది.

కొడతాడనుకున్నాను. కొట్టి ఉంటే ఈ కథ అక్కడితో అయిపోయేది. ఆయన నీరుగంటితో, "రేపు పొద్దన్నే కొలువు. తాడు కొస మా పాప పట్టుకుంటాది" అన్నాడు.

మరునాడు ఊరంతా మడి గట్ల మీద చేరింది. రెండోసారి కొలత అంటే పని చెడిన పూట కదా, అందరూ విసుగ్గా ఉన్నారు. కొసోళ్ళ మొహాల్లో అనుమానం కూడా ఉంది. నీరుగంటి మడి మధ్యలో నిలబడి, తాడుకు రాయి సరిగ్గా పడలేదని, తప్పు తనదేనని గట్టిగా చెప్పాడు. ఎవరో, "ఏమప్పా, రాయికి బదులు గుమ్మడికాయ కట్టినావా" అన్నారు. ఇంకొకరు, ఈయన తాడు ఇట్లా సాగితే మన ఊరు గనుల దాకా పెరుగుతుందన్నారు. అందరూ విరగబడి నవ్వారు. ఆ నవ్వుతో అనుమానం ఎగిరిపోయింది. పంచిన మడిలో గూటం జరిపింది పెద్దింటి పిల్ల అని తెలిసి ఉంటే, ఆ గట్ల మీద ఆ పూట ఏం జరిగేదో ఊహించడానికి నాకు ఇప్పటికీ భయమే. ఊరు బతికింది. బతికించినందుకు ఆయనకు దక్కింది ఆ ఎగతాళి.

నేను తాడు కొస పట్టుకుని ఒక్కో గూటం దగ్గరా నిలబడ్డాను. ఆయన అటు కొస నుంచి లాగి పట్టుకునేవాడు. తాడు వీణ తీగలాగా బిగిసి ఉంది, వెంట్రుకంత కూడా సాగలేదు. అది నా చేతులకు తెలుసు, ఆయన చేతులకు తెలుసు. ఐదు గూటాలూ పెరికి, పాత చోట్ల నేనే దిగ్గొట్టాను. ఆఖరి గూటం కొడుతున్నప్పుడు కొసమడి అవ్వ నా పక్కన వచ్చి కూర్చుంది. రాయి నా చేతిలోంచి తీసుకుని, తనే రెండు దెబ్బలు వేసి, ఎవరికీ వినబడకుండా మాట్లాడింది.

"నిన్న నేను కట్ట మింద పేడ ఏరుకుంటా ఉంటిని పాపా. నిన్ను చూసినాను. అరిచింటే నా నాలుగడుగులు నాకు వచ్చుండును. మడి మాత్రం పోయుండును." అంతే. నా చేతి బొబ్బలు చూసి, ఇంటికి పోయి ఆముదం రాసుకోమంది.

పదేళ్ళ పిల్లను. ఆ మాట నాకు సగమే అర్థమైంది. మిగతా సగం అర్థం కావడానికి పెళ్ళీ, పిల్లలూ, ఇంకా చాలా కావలసి వచ్చాయి. అన్యాయం చేసిన నేను తలెత్తుకుని ఉన్నాను. అన్యాయం జరిగిన ఆమె నోరు మూసుకుంది. ఎందుకంటే ఊరి కట్టుబాటు తెగితే మాకు ఒక పంట పోతుంది, ఆమెకు బతుకే పోతుంది. మంచివాళ్ళు కాబట్టి ఊరుకున్నారని మనం చెప్పుకుంటాం గానీ, ఊరుకోక గతిలేని వాళ్ళు ఎంతమంది ఉంటారో.

నాలుగు రోజులు నాకు అన్నం సహించలేదు. ఐదో రోజు మా తాత దగ్గరికి పోయి, గూటాలు జరిపింది నేనేనని చెప్పేశాను. ఆయన ఆశ్చర్యపోలేదు. నన్ను దగ్గర కూర్చోబెట్టుకుని, "తెలుసు. నువ్వు నోరు తెరవద్దు. ఆయప్ప మోసినాడు, ఊరు నిలిచె. ఇప్పుడు నువ్వు చెప్తే, ఆయప్ప మోసింది బూడిదలో పోసినట్లే కదా" అన్నాడు. నేను ఒప్పుకున్నాను. ఆ వారం ఆ మాట నిజమే కూడా.

కానీ కోతలయ్యాయి. కొసమడి అవ్వకు తన పాయలో తనకు రావలసినంతా వచ్చింది. భూమి ఇచ్చిన ఇంటికి ఆనవాయితీగా ఇచ్చే మొదటి వరిపన తెచ్చి మా గడప ముందు పెట్టి, నా తల నిమిరి పోయింది. మడులు మళ్ళీ ఎవరివి వాళ్ళకు వచ్చేశాయి. అప్పుడైనా మా తాత నలుగురిలో నిలబడి ఆ మనిషి తాడు సాగలేదని ఒక్క ముక్క చెప్పి ఉండవచ్చు. చెప్పలేదు. పండగ వచ్చింది, పోయింది, చెప్పలేదు. మా తాత మంచివాడు. ఎంతమందికి అన్నం పెట్టాడో నాకు తెలుసు. అయినా ఈ ఒక్కటి చెప్పలేదు. పరువుకు భయపడ్డాడు. తిలాపాపం తలా పిడికెడు అంటారే, మా ఊళ్ళో అట్లా కూడా పంచుకోలేదు. పాపం మొత్తం ఒకాయన నెత్తినే పెట్టి వదిలేశాం.

పెదవి దాటితే పృథివి దాటుతుందని ఊరికే అనలేదు పెద్దలు. ఆ పూట గట్టు మీద పుట్టిన ఎగతాళి ఆయనకు పేరైపోయింది. సాగేతాడు వచ్చినాడు, సాగేతాడు పోయినాడు అనేవాళ్ళు. ఆయన నవ్వేసేవాడు. నేను ఎదురుపడితే మాత్రం తల వంచుకుని పక్కకు తప్పుకునేవాడు. సిగ్గుపడవలసింది నేను, తప్పుకునేది ఆయన. నేను ఆ ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ అట్లాగే జరిగింది.

ఆ తరవాత దామాషా మహా అయితే ఇంకొక్కసారి జరిగిందేమో. మా నాన్న హయాంలో ఆ మొదటి మడిలోనే బోరు వేశారు. ఊళ్ళో మొదటి బోరు మాదే. కరెంటు మోటారు పెట్టగానే మాకు చెరువుతో పని లేకపోయింది, చెరువుతో పని లేనివాళ్ళకు ఊరితో పని లేకపోయింది. ఎప్పుడూ ముందుగా ఒప్పుకునే ఇల్లే తప్పుకున్నాక ఇంకెవరు తాడు వేయనిస్తారు? పదేళ్ళలో ఇంటికో బోరు, ఇరవై ఏళ్ళలో ఏ బోరులోనూ నీళ్ళు లేవు. తూముకు తుమ్మచెట్లు మొలిచాయి. ఎవరూ ఏదీ పగలగొట్టలేదు, ఎవరూ కొట్టుకోలేదు. పిలిచినప్పుడు రావడం మానేశారంతే. కట్టుబాట్లు పోట్లాటలతో తెగడం కన్నా ఇట్లా పలచబడి పోవడమే ఎక్కువని నాకు ఆ తరవాత చాలాసార్లు అనిపించింది.

నన్ను ఆ బంగారు గనుల ఊరు కేజీఎఫ్‌లో ఇచ్చారు. మా ఆయన గనిలో ఫిట్టరు. లైన్ ఇళ్ళల్లో ఒక గోడకు ఇవతల మేము, అవతల అరవం మాట్లాడే క్రైస్తవులు. క్రిస్మస్ కేకు ఇటు వచ్చేది, ఉగాది ఒబ్బట్లు అటు పోయేవి. గని మూతపడినప్పుడు ఇంక ఈ ఊరు ఉండదన్నారు. ఉంది. తెల్లారీ తెల్లారకముందే బెంగళూరు రైలు ఎక్కి, చీకటి పడ్డాక దిగే ఊరైంది. మారిందా అంటే మారింది, నిలిచిందా అంటే నిలిచింది. ఎట్లా నిలిచిందని ఎవరైనా గొప్పగా చెబుతుంటే, ఎవరి వీపు మీద నిలిచిందని అడగబుద్ధేస్తుంది. అడిగితే ముసలమ్మ నోరు మంచిది కాదంటారు. అననీ.

మొన్నామధ్య కంటి ఆపరేషనుకు తమక అనే ఊళ్ళో ఆసుపత్రిలో చేరాను. చుక్కల మందు వేయడానికి వచ్చే నర్సమ్మకు నలభై ఏళ్ళుంటాయి. చల్లని చెయ్యి. యాడ ఊరవ్వా మీది అని అడిగింది. పుట్టింటి పేరు చెప్పాను. ఆమె మొహం విప్పారింది. "మాదీ అదే ఊరవ్వా. ఈసారి వస్తే మా ఇంటికి రండి. సాగేతాడోళ్ళ ఇల్లు అంటే ఎవరైనా చూపిస్తారు" అంది.

ఎంత మామూలుగా అందో. అది వాళ్ళ ఇంటిపేరే అన్నట్టు చెప్పింది. ఆ పేరు ఎట్లా వచ్చిందో తెలుసా అని అడిగాను. తెలుసంది. వాళ్ళ తాత కొలతలో తప్పు చేశాడట, అందుకే ఆయన పోయాక వాళ్ళ నాన్న చేతికి ఊరివాళ్ళు తాడు ఇవ్వలేదట, నీరుగంటి పని వేరేవాళ్ళకు పోయిందట. వాళ్ళ నాన్న ఇటుక బట్టీల్లో పని చేసి వీళ్ళను చదివించాడట. ఆ పని పోయిన సంగతి నాకు అంతవరకూ తెలియదు. మంచం పట్టె పట్టుకుని లేచి కూర్చున్నాను. గూటాలు జరిపింది నేనని మొదలుపెట్టి, మా తాత చెప్పిన మాట దాకా అంతా చెప్పేశాను.

ఆమె నా తల వెనక్కి వంచి, రెండు చుక్కలు వేసి, కన్ను మూసుకోమంది. సీసాకు మూత పెట్టాక అంది, "నాకాడ చెప్పి ఏం లాభం అవ్వా. ఊర్లో చెప్తారా? మా నాయన ఇంగా ఉండాడు."

ఇంటికొచ్చాక పదిహేను రోజులు నాలో నేను కొట్టుకున్నాను. మా తమ్ముడి కొడుకు ఇప్పుడు ఆ ఊరి చెరువు సంఘానికి పెద్ద. బెంగళూరువాళ్ళు వాడి వదిలేసిన నీళ్ళను శుద్ధి చేసి పైపుల్లో మా జిల్లా చెరువులకు పంపుతున్నారు కదా, మా చెరువూ నిండింది. కట్ట మీద సంఘం మీటింగు పెట్టారని తెలిసి, కంటికి నల్లద్దాలు పెట్టుకుని బస్సెక్కాను. మైకు అడిగితే మా మేనల్లుడు సంతోషంగానే ఇచ్చాడు. పాత సంగతులు చెబుతానంటే ముచ్చటపడ్డాడు. సగం విన్నాక వాడి మొహం నల్లబడింది. "అత్తా, ఇదంతా ఇప్పుడు అవసరమా" అని గొణిగాడు. నేను ఆపలేదు. ఆ తాడు సాగలేదని, ఆ మనిషి మా ఇంటి తప్పు మోశాడని, మేము నోరు మూసుకుని మోయనిచ్చామని చెప్పి మైకు ఇచ్చేశాను.

ఎవడో కుర్రవాడు, అప్పటి నాలుగడుగులకి ఇప్పుడు సర్వే పిలిపించాల్నా అన్నాడు. నవ్వులు లేచాయి. వెనక వరసలోంచి ఒక ముసలాయన కర్ర ఊతగా లేచి నిలబడ్డాడు. పక్కన నర్సమ్మ ఉంది. ఆయన వయసు ఇంచుమించు నా వయసే. గుర్తుపట్టడానికి నాకు కొంచెం సేపు పట్టింది.

"ఆ రాయి కట్టింది నేనమ్మా" అన్నాడు. గొంతు చిన్నగానే ఉంది గానీ, నవ్వులు ఆగిపోయాయి. "నాకు పన్నెండేండ్లు. మా నాయన నేర్చుకో అని నాచేత కట్టించినాడు. తాడు సాగిందని ఊరంతా నగినప్పుడు, నేను ముడి సరింగా వెయ్యలేదనుకొన్నాను. మా నాయన నన్ను ఒక్క మాటా అనలేదు. నా మింద జాలితో ఊరుకున్నాడనుకొన్నాను. పోయేటప్పుడు కాళ్ళు పట్టుకొని మన్నించమని అడిగినాను కూడా. ఎందుకని అడిగేదానికి ఆయనకి ఓపిక లేకపోయె. ఈ పొద్దు దాకా నేను అట్లే అనుకొంటాండాను."

ఆయన కూర్చున్నాడు. కూతురు ఆయన చెయ్యి పట్టుకుంది. మీటింగులో తరవాతి మాట కట్ట మీద లైట్ల గురించి వచ్చింది. మా మేనల్లుడు ఆ రోజు నుంచీ నాతో మాట్లాడడం లేదు. ఆ ఇంటిని ఊళ్ళో ఇప్పటికీ సాగేతాడోళ్ళ ఇల్లనే అంటున్నారు. అరవై ఏళ్ళ పేరు ఒక ముసలమ్మ మైకులో చెప్పగానే పోదు.

నీరుగంటికి మంచిపేరు పోయిందని తెలుసు నాకు. ఆ ఇంటికి పని పోయిందని ఆసుపత్రిలో తెలిసింది. నా ఈడు పిల్లవాడొకడు అవతల పేటలో కూర్చుని నా తప్పును తన తప్పనుకుని ఏడుస్తుంటాడని మాత్రం ఒక్కనాడూ తోచలేదు. ఆ రోజు నుంచి నా దగ్గర మిగిలింది ఇదే. ఎక్కడైనా గొడవ సద్దుమణిగి, హమ్మయ్య అని అందరూ ఇళ్ళకు పోతుంటే నేను పోలేను. ఎవరి మీద పడింది, వాళ్ళ వెనక ఇంకెవరి మీద పడింది అని వెతుక్కుంటూ అక్కడే నిలబడిపోతాను. ఈ మధ్య నెలకోసారి ఆ ఇంటికి పోయి ఆ ముసలాయనతో కాసేపు కూర్చుని వస్తున్నాను. ఆయన ముడి సరిగ్గానే వేశాడు. పోయిన ప్రతిసారీ ఆ మాట చెబుతాను. ప్రతిసారీ, ఇంకొకసారి చెప్పమంటాడు.